ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ ఎందుకు మునిగింది: మూతలా, మిట్టా, కెరటమా?

దీపస్తంభం (గోపాలపురం)

చెరువులో ఓడ మునగడమేంటని నిన్న ఇక్కడే ఒకాయన వెక్కిరించాడు. ఆ చెరువు పేరు సుపీరియర్ సరస్సు, అమెరికా, కెనడాల మధ్య ఉంది, 82 వేల చదరపు కిలోమీటర్లు. మన చిలికాలు డెబ్బై పరిచినా ఇంకా చోటు మిగులుతుంది. అందుకే దీనికి విడిగా చర్చ పెడుతున్నా.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా. ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ 1958లో నీళ్ళలోకి దించిన సరుకు ఓడ. పొడవు 729 అడుగులు, వెడల్పు 75, లోతు 39. 1975 నవంబరు 9 మధ్యాహ్నం 2:15కి విస్కాన్సిన్ సుపీరియర్ రేవులో 26,116 లాంగ్ టన్నుల టాకొనైట్ గుళికలు (ఇనుప ఖనిజాన్ని ఉండలు కట్టి కాల్చినవి) ఎక్కించుకుని డెట్రాయిట్ వైపు బయల్దేరింది. అప్పటికి వాతావరణం బాగానే ఉంది, తుఫాను హెచ్చరికలు తర్వాత వచ్చాయి. వెనకాల ఆర్థర్ ఆండర్సన్ అనే ఓడ. మర్నాడు మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో ఫిట్జెరాల్డ్ కెప్టెన్ మెక్‌సోర్లీ ఆండర్సన్‌కి రేడియోలో చెప్పినవి మూడు: డెక్కు మీద కంచె తీగ పడిపోయింది, రెండు గాలి గొట్టాలు పోయాయి, ఓడ ఒక పక్కకి ఒరిగింది. కాసేపటికి రాడార్లు కూడా పోయాయి. రాత్రి 7:10కి ఆఖరి మాట, ఎలాగో నెట్టుకొస్తున్నామని. కొద్ది నిమిషాల్లో ఆండర్సన్ రాడార్ మీద దాని చుక్క మాయమైంది. 29 మందిలో ఒక్కరూ మిగల్లేదు. ఓడ 530 అడుగుల లోతులో రెండు ముక్కలై ఉంది.

అమెరికా కోస్ట్‌గార్డ్ 1977 నివేదిక ప్రకారం హాచ్ (డెక్కు మీంచి సరుకు దించే ద్వారం) మూతలు సరిగా మూసుకోక నీళ్ళు హోల్డులోకి (కింద సరుకు ఉండే అర) దిగాయి. 1978లో రవాణా భద్రతా బోర్డు కూడా మూతలనే అంది గానీ, అవి కూలి ఒక్కసారిగా నీళ్ళు పడ్డాయంది. సరస్సు ఓడల యజమానుల సంఘం రెండూ ఒప్పుకోలేదు, ఓడ నీటి అడుగున ఉన్న మిట్టకి తగిలిందని వాళ్ళ వాదన. నా ఓటు మూతలకే. కాదనేవాళ్ళు లెక్కతో రండి.

అణియం (సోనాపురం)

అన్నియ్యా, మూతలు పట్టుకుని కూకున్నావు గానీ మూడున్నరకి ఓడ ఎక్కడుందో చూడవేటి? కారిబూ దీవి పక్కనుంచి వచ్చింది. దానికి ఉత్తరాన సిక్స్ ఫాదమ్ మిట్ట ఉంది. పేరులోనే లోతు ఉంది: 6 బారలు, అంటే 36 అడుగులు. ఓడ నీళ్ళలోకి దిగింది 27 అడుగుల పైచిలుకు. చదును నీళ్ళలో కిందన 8, 9 అడుగులు మిగుల్తాయి. 16 అడుగుల కెరటం వేసుకో, కెరటాల మధ్య గుంటలో 8 అడుగులు పోయాయి. పైన ముక్కు పొడుస్తా ఉంటది. ఇంకేటి మిగిల్నాది? అంత దగ్గరగా నేనైతే వెళ్ళనని వెనకాలొస్తున్న ఆండర్సన్ కెప్టెన్ కూపరే తన మేటుతో (కింది అధికారి) అన్నాడు. 1976లో కెనడావోళ్ళు మళ్ళీ కొలిస్తే, ఆ మిట్ట పటంలో గీసినదానికంటే మైలు దూరం తూర్పుకి సాగి ఉందని తేలింది. మెక్‌సోర్లీ చేతిలో ఉన్నది పాత పటమే కదా.

ఇంకోటి, కంచె తీగ. ఇనుప తాడు అది. కెరటం కొడితే వంగుద్ది, తెగడం కష్టం. ఓడ నడుము మిట్ట మీద లేచి, రెండు కొసలూ కిందకి వాలితే పైన ఉన్న తాడు లాగి తెగుద్ది. మూతలు సరిగా లేకపోతే తాడెందుకు తెగుద్ది చెప్పు.

బరంపురం మాస్టారు

తాడు సంగతి మంచి పాయింటే. కానీ, బాబూ, ఆ గుంట లెక్క అలా వెయ్యకూడదు. 9 సెకన్లకో శిఖరం వచ్చే అల పొడవు సుమారు 415 అడుగులు. 729 అడుగుల ఓడ ఒక్క గుంటలో పడదు, ఎప్పుడూ ఒకటి రెండు శిఖరాల మీద పడుకునే ఉంటుంది. 8 అడుగులూ ఓడకి దిగవు. అయితే అణియం (ముందు కొస), అమరం (వెనక కొస) ఊగుతాయి కాబట్టి కొసల దగ్గర తగలొచ్చు. అలా తగిలితే నువ్వు చెప్పిన నడుము వంపు రాదు. రెండూ ఒకేసారి వాడుకోలేవు.

పైగా ఆ మిట్ట మీద ఈతగాళ్ళు దిగి వెతికారు. కొత్త గీతలు, రంగు పెచ్చులు ఏమీ దొరకలేదు.

ఇంజిన్ రూమ్

అందరూ ఆ ఒరుగు దగ్గర ఆగి, పంపుల దగ్గరికి రావడం లేదు. పంపులు వేశారా అని ఆండర్సన్ అడిగితే మెక్‌సోర్లీ ఇచ్చిన జవాబు 'రెండూ' అని. ఓడలో పెద్ద బలాస్ట్ పంపులు (ఓడ బరువు సరిచేసే నీటి తొట్లని ఖాళీ చేసేవి) నాలుగు, ఒక్కోటి నిమిషానికి 7,000 గ్యాలన్లు. చిన్నవి రెండు, ఒక్కోటి 2,000. 'రెండూ' అంటే ఏ రెండు? పెద్దవైతే నిమిషానికి 53 ఘనమీటర్లు. చిన్నవైతే 15.

ఇప్పుడు పోయిన గాలి గొట్టాలు చూద్దాం. 8 అంగుళాల గొట్టం మొదలుకి విరిగి, పైన మీటరు నీళ్ళు నిలిచాయి అనుకుందాం. కన్నం వైశాల్యం 0.032 చదరపు మీటర్లు, నీటి వేగం సెకనుకి 4.4 మీటర్లు, కన్నం దగ్గర ధార సన్నబడుతుంది కాబట్టి 0.6 గుణకం. నిమిషానికి 5 ఘనమీటర్లు. రెండు గొట్టాలకి 10. అదీ డెక్కు ఎప్పుడూ నీళ్ళ కిందే ఉంటే. చిన్న పంపులే దాన్ని లాగేస్తాయి, మిగతా పంపులు ఖాళీగా ఉంటాయి. మూడున్నర గంటల పాటు పంపులు తిరిగినా ఒరుగు తగ్గలేదంటే నీళ్ళు పంపు అందుకోలేని చోట ఉన్నాయి, లేదా గొట్టాల కంటే పెద్ద కన్నం ఉంది.

పంపు అందుకోలేని చోటు ఏదంటే హోల్డు. దాని నీళ్ళు లాగే గుంటలు వెనక కొసలో మాత్రమే ఉన్నాయి. ముక్కు కిందకి దిగిందా, నీళ్ళన్నీ ముందుకి పోతాయి, పంపు గాలి పీలుస్తుంది. మధ్యలో అడ్డుగోడలు ఉన్నాయి కదా అనకండి. మూడు హోల్డుల మధ్య ఉన్నవి తెరగోడలు, నీళ్ళు ఆపేవి కాదు. అన్నిటికంటే ఘోరం, హోల్డులో నీళ్ళు ఎంత ఉన్నాయో కొలిచే సాధనమే లేదు. మూత తీసి చూడాలి. ఆ కెరటాల్లో మూత ఎవరు తీస్తారు?

పర్లాకిమిడి కుర్రోడు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి గురువుగారూ. సరుకే జారి ఉండొచ్చు కదా? 2009 సెప్టెంబరులో పారాదీప్ బయట బ్లాక్ రోజ్ ఇలాగే ఇనుప ఖనిజంతో పక్కకి పడి మునిగింది కదా.

ఛత్రపురం ఇసుక

తమ్ముడూ, అది వేరు, ఇది వేరు. బ్లాక్ రోజ్‌లో ఉన్నది ఖనిజం ధూళి, 23 వేల టన్నుల పైచిలుకు, వానాకాలం. తడి ధూళి ఊగుడికి కుదించుకుపోతే గింజల మధ్య నీళ్ళకి చోటు చాలదు, గింజని గింజ మొయ్యడం మానేస్తుంది, గట్టి కుప్ప కాస్తా జావ అవుతుంది. ఒక పక్కకి పోతుంది, తిరిగి రాదు. దీన్ని లోడింగు దగ్గరే పట్టుకోవచ్చు. అర లీటరు, లీటరు డబ్బా సగానికి సరుకు పోసి, 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి బల్ల మీద 25 సార్లు కొట్టాలి, ఒక్కో దెబ్బకి మధ్య ఒకటి రెండు సెకన్లు. పైన నీళ్ళు మెరిసినా, సరుకు పాకంలా కదిలినా ల్యాబుకి పంపకుండా ఎక్కించకూడదు. మెరవకపోతే మంచిదని కాదు, అది గుర్తుపెట్టుకో. చాలామంది బోల్తా పడేది అక్కడే.

టాకొనైట్ గుళికలు శనగలంత ఉంటాయి, కాల్చి గట్టిపరిచినవి. ఓడ సరుకుల అంతర్జాతీయ కోడ్‌లో ధూళి 'A' గ్రూపు (జావ అయ్యే ప్రమాదం ఉన్నవి), గుళికలు 'C' గ్రూపు (ఆ ప్రమాదం లేనివి). గుళికల సందుల్లోంచి నీళ్ళు జల్లెడలో పోసినట్టు అడుక్కి దిగిపోతాయి. జావ అవ్వదు. కానీ ఇంజిన్ రూమ్ గారి మాటకి ఇదే బలం: పై నుంచి చూస్తే పొడి కుప్ప, అడుగున నీటి మడుగు.

పోటుపాటు

మీరంతా గొట్టాలు, గుంటలు లెక్కేస్తున్నారు, కెరటాన్ని మర్చిపోయారు. సాయంత్రం 6:55కి ఆండర్సన్‌ని వెనక నుంచి రెండు పెద్ద కెరటాలు ఎక్కాయి. రెండోది నీటి మట్టానికి 35 అడుగుల ఎత్తున బ్రిడ్జి డెక్కు మీద పడింది. అవి ఫిట్జెరాల్డ్ వైపే పోయాయని కూపర్ చెప్పాడు. మన గోపాలపురం రేవులో తెప్ప దించేవాళ్ళని అడగండి, పెద్ద కెరటాలు వరసగా వస్తాయి, ఆ వరస దాటేదాకా ఆగి ఆ తర్వాతి చదునులో తోస్తారు. 'ముగ్గురు అక్కచెల్లెళ్ళు' అని ఆ సరస్సు నావికులూ అంటారు. ఒకదాని నీళ్ళు డెక్కు మీంచి జారకముందే రెండోది, దాని మీద మూడోది.

బరంపురం మాస్టారు

వరస మాట నిజం. అదే కెరటం వెళ్ళి కొట్టిందన్నది కుదరదు. అప్పటికి రెండు ఓడల మధ్య సుమారు 10 మైళ్ళు, 18.5 కిలోమీటర్లనుకుందాం. 10 సెకన్లకోసారి వచ్చే అల శిఖరం సెకనుకి 15.6 మీటర్లు పరిగెడుతుంది, 20 నిమిషాల్లో చేరుతుంది. 6:55కి 20 కలిపితే 7:15. చూడ్డానికి భలే అతికింది, ఈ వాదం అందరికీ నచ్చేది అందుకే. కానీ లోతు నీళ్ళలో ఒక శిఖరం అంత దూరం బతకదు. వరస మొత్తం నడిచేది సగం వేగంతో, శిఖరాలు వెనక పుట్టి ముందుకొచ్చి చచ్చిపోతుంటాయి. వరస చేరాలంటే 40 నిమిషాలు, అంటే 7:35. ముందున్న ఓడ కూడా నడుస్తోంది, ఇంకా ఆలస్యం. అప్పటికి ఫిట్జెరాల్డ్ అడుగున ఉంది. అలాంటివే వేరే కెరటాలు కొట్టి ఉండొచ్చు, ఆ గాలిలో కొదవేముంది.

అయినా 35 అడుగుల ఎత్తుకెక్కిన కెరటం ఆండర్సన్ మీదా పడింది. అది తేలింది, ఇది మునిగింది. తేడా కెరటంలో లేదు.

దీపస్తంభం (గోపాలపురం)

మాస్టారు దారి చదును చేశారు. ఇక మూతలు.

హాచ్‌లు 21. ఒక్కో దానికి ఒకే ఇనుప రేకు మూత, 11 అడుగులు × 48. చుట్టూ 68 బిగింపులు, అన్నీ చేత్తో వేసేవే. మొత్తం 1,428. వాతావరణం బాగున్నప్పుడు అన్నీ వెయ్యకపోవడం ఆ సరస్సుల్లో మామూలే అని విచారణలో చెప్పారు. నీటి అడుగున తీసిన ఫొటోల్లో చాలా బిగింపులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. బిగించి ఉన్న మూత ఊడిపోతే బిగింపు వంగాలి, విరగాలి. బాగుందంటే అసలు వెయ్యలేదని కోస్ట్‌గార్డ్ తీర్పు.

ఒక్కో మూత చుట్టుకొలత 118 అడుగులు, అన్నీ కలిపి 755 మీటర్లు. 2 మిల్లీమీటర్ల సందు వదిలితే ఒకటిన్నర చదరపు మీటర్ల కన్నం! మీద అర మీటరు నీళ్ళు, అదీ పది నిమిషాల్లో ఒక్క నిమిషమే నిలిచాయి అనుకున్నా, గంటకి 1,000 టన్నులు. మూడున్నర నుంచి 7:10 దాకా 3,700 టన్నులు. ఆ ఓడ ఒక అంగుళం దిగాలంటే సుమారు 120 టన్నులు చాలు, కాబట్టి 31 అంగుళాలు దిగిపోయింది.

దీనికి తోడు లోడ్‌లైన్, అంటే ఓడని ఎంత లోతు దాకా నింపొచ్చో చెప్పే గీత. 1969, 1971, 1973లో మూడుసార్లు నిబంధన సడలించి, చలికాలపు ఫ్రీబోర్డుని (నీటి మట్టం నుంచి డెక్కు దాకా ఎత్తు) మొత్తం 39 అంగుళాల పైన తగ్గించారు. అంటే అంతకుముందు కంటే 4,700 టన్నులు ఎక్కువ సరుకు, డెక్కు మూడు అడుగులు కిందకి. బయల్దేరేటప్పుడే ఆ ఎత్తు పదకొండున్నర అడుగులు. కారణాల్లో దీన్ని ఎవరూ ముందు పెట్టరు, నేనైతే మొదట పెడతా.

అణియం (సోనాపురం)

హాచ్ అంచు గట్టు 24 అంగుళాల ఎత్తు. దాని మీద మళ్ళీ అర మీటరు నీళ్ళు పది నిమిషాలకోసారి, అదీ మొత్తం 21 హాచ్‌ల మీద ఒకేసారా? గట్టిగా వేసీసావు. సగం చెయ్యి, మళ్ళీ సగం చెయ్యి. ఆ మూతలతో దశాబ్దాలుగా ఓడలు తిరిగాయి, వీటి వల్ల మునిగిందొక్కటీ లేదనీసి యజమానుల సంఘం అన్నది అదే.

ఇంజిన్ రూమ్

సగానికి సగం చేసినా 900 టన్నులు హోల్డు అడుగున ముందుకి పోతాయి. ముక్కు అడుగున్నర దిగితే తర్వాతి కెరటం డెక్కు మీద ఇంకాసేపు నిలుస్తుంది, నీళ్ళు ఇంకా దిగుతాయి. ఇది సమానంగా పెరగదు, చివరి గంటలో పరిగెడుతుంది. చివరిదాకా కెప్టెన్‌కి తెలియకపోవడం, ప్రమాద సంకేతం రాకపోవడం దీనికి సరిపోతాయి.

మిట్ట వాదానికి అడ్డం ఇంకోటి: అమరం ముక్క 253 అడుగులు, తలకిందులుగా ఉంది, అడుగు భాగం పైకి కనబడుతోంది. దాని మీద రాసుకున్న గీత లేదు.

అణియం (సోనాపురం)

ముందు ముక్క 276 అడుగులు, నిటారుగా బురదలో కూరుకుపోయి ఉంది. దాని అడుగు ఎవుడు చూసాడు? మధ్యలో 200 అడుగులు తునాతునకలు, దానిదీ ఎవుడూ చూడలేదు. నా గీత అక్కడుంది.

పర్లాకిమిడి కుర్రోడు

మరైతే తవ్వి చూడొచ్చు కదా గురువుగారూ?

ఛత్రపురం ఇసుక

ఓడ ఉన్నది కెనడా నీళ్ళలో, తమ్ముడూ. 1995 జులై 4న ఓడ గంట ఒక్కటి పైకి తెచ్చి, దాని చోట 29 పేర్లు చెక్కిన ఇంకో గంట పెట్టారు. 2006 నుంచి ఒంటారియో ప్రభుత్వ లైసెన్సు లేకుండా దగ్గరికి పోకూడదు. కుటుంబాలకి అది సమాధి. బురద తవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు.