మహిళా కోటా, పార్లమెంటు సీట్లు: రిగ్రెషన్ అయ్యాక కేస్ స్టడీకి ఏ దేశాలు తీసుకోవాలి?

కొత్తస్కాలర్:
అందరికీ నమస్కారం. మహిళా కోటా చట్టం వచ్చాక దిగువ సభలో మహిళల వాటా ఎంత పెరుగుతుంది, ఎందుకు పెరుగుతుంది అన్నది నా థీసిస్. 80 దేశాలు, 1990 నుంచి 2020 దాకా, ఏడాదికో వరుస చొప్పున మొత్తం 2,480 వరుసలు. కోటా ఉంటే 1, లేకపోతే 0. మామూలు రిగ్రెషన్‌లో (ఒక అంశం మారితే ఇంకోటి ఎంత మారుతుందో లెక్కకట్టే పద్ధతి) గుణకం, అంటే కోటా ప్రభావం అంచనా, పెద్దగానే వస్తోంది, పీ-వాల్యూ (ప్రభావం లేకున్నా ఇలాంటి ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) చాలా చిన్నది. దేశాల ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ (దేశాల మధ్య కాలంతో మారని తేడాలను పక్కనపెట్టే పద్ధతి) పెట్టగానే గుణకం సగానికి పైగా పడిపోతోంది. గైడ్ గారు గుణాత్మక అధ్యాయం ఒకటి కావాలి, రెండు దేశాలు చాలు అన్నారు. రువాండా, అర్జెంటీనా పేరున్న ఉదాహరణలు కాబట్టి అవే అనుకుంటున్నాను. గుణకం ఎందుకు పడిపోయింది? దేశాలను ఏ లెక్కన ఎంచుకోవాలి? ఇంటర్వ్యూలు ఎవరితో, ఎన్ని?

అంకెలబడి:
దేశాల ఎంపిక సంగతి తర్వాత. ముందు ఆ 2,480ని నమ్మకండి. సభ కూర్పు ఎన్నిక జరిగినప్పుడే మారుతుంది. నాలుగేళ్లకోసారి ఎన్నికలు జరిగే దేశంలో ఒకే శాతం నాలుగు వరుసల్లో మళ్లీ మళ్లీ పడుతుంది. మీ దగ్గరున్న అసలు సమాచారం ఆరేడు వందల ఎన్నికలకు మించదు. స్టాండర్డ్ ఎర్రర్లు (అంచనాలో ఉన్న అనిశ్చితి కొలత) చిన్నగా, పీ-వాల్యూ అంత అందంగా రావడానికి ఇదో ముఖ్య కారణం. ఏడాదిని వదిలేసి ఎన్నికను యూనిట్‌గా తీసుకోండి, స్టాండర్డ్ ఎర్రర్లను దేశం వారీగా క్లస్టర్ చేయండి, అంటే ఒకే దేశపు వరుసలను ఒక గుంపుగా లెక్కించండి. 80 క్లస్టర్లతో ఇబ్బంది లేదు. ఏ ఇరవై దేశాలనో విడిగా నడిపితే మాత్రం వైల్డ్ క్లస్టర్ బూట్‌స్ట్రాప్ (గుంపులు తక్కువున్నప్పుడు వాడే పద్ధతి) వాడాలి.

ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ పెడితే ప్రతి దేశాన్నీ దాని గతంతోనే పోలుస్తున్నట్టు. మొత్తం కాలమంతా 0గానో 1గానో ఉన్న దేశాలు కోటా గుణకం గురించి నేరుగా ఏమీ చెప్పవు, మధ్యలో చట్టం తెచ్చిన దేశాలే చెబుతాయి. మహిళల రాజకీయ భాగస్వామ్యం ముందునుంచే బాగున్న దేశాలు కోటా తెచ్చి ఉంటే, ఆ పాత తేడా అంతా మీ మొదటి గుణకంలో కలిసిపోయి ఉంటుంది. అది తొలగిపోవడం మంచిదే.

కానీ ఇంకో కారణం మీ కోడింగ్‌లోనే ఉంది. కోస్టారికాలో 40 శాతం కోటా చట్టం 1996లో వచ్చింది, దాని కింద జరిగిన మొదటి ఎన్నిక 1998లో. మీ డేటాలో 1996, 1997 వరుసలకు కోటా 1 అని ఉంటుంది, సభ మాత్రం 1994లో ఎన్నికైనది. ఇలాంటి వరుసలు గుణకాన్ని సున్నా వైపు లాగుతాయి. అర్జెంటీనాలో దిగువ సభ రెండేళ్లకోసారి సగమే మారుతుంది. 1991 చట్టం ప్రభావం 1993లో సగం సభకు, 1995లో మిగతా సగానికి అందింది. అక్కడ మొత్తం సభ శాతం కాకుండా కొత్తగా ఎన్నికైనవారిలో మహిళల శాతం తీసుకోవాలి.

ఇంకో జాగ్రత్త. దేశాలు వేర్వేరు సంవత్సరాల్లో చట్టం తెచ్చాయి. దేశం, కాలం రెండింటి ఫిక్స్‌డ్ ఎఫెక్ట్స్ కలిపి పెడితే, ముందే కోటా తెచ్చుకున్న దేశాలు ఆలస్యంగా తెచ్చినవాటికి పోలిక సమూహంగా మారిపోతాయి. కోటా ప్రభావం ఎన్నిక ఎన్నికకూ పెరిగేదైతే ఫలితం తప్పుదారి పడుతుంది. ఇంకా చట్టం తేని దేశాలతోనే పోల్చే పద్ధతి వాడండి.

అన్నిటికన్నా పెద్ద సమస్య 0/1 కోడింగ్. రువాండాలో 80 సీట్లలో 24 మహిళలకే రిజర్వు. అక్కడ 30 శాతం చట్టంతోనే వచ్చేస్తుంది, దాన్ని రిగ్రెషన్‌తో కనుక్కోవాల్సిన పని లేదు. 2008లో అది 56 శాతం దాటడమే వివరించాల్సిన విషయం. పార్టీ అభ్యర్థుల జాబితాలో ఇంత శాతం ఉండాలనే చట్టం వేరు, పార్టీ తనంతట తాను పాటించే కోటా వేరు. మూడింటినీ ఒకే 1 కింద కలిపితే వచ్చే సగటు ఏ దేశానికీ సరిపోదు. కనీసం ఈ మూడు రకాలు, జాబితాలో స్థానం గురించి నిబంధన ఉందా, ఉల్లంఘిస్తే జాబితా తిరస్కరిస్తారా లేక జరిమానాతో సరిపెడతారా, ఇవన్నీ విడివిడి కాలమ్‌లుగా రాసుకోండి.

పాతఫైళ్లు:
ఆ చివరి కాలమ్‌లు నింపాలంటే చట్టాలు చదవక తప్పదు, గుణాత్మక పని అక్కడే మొదలైపోతుంది. దాన్ని చివర్లో అతికించే అధ్యాయంగా చూడొద్దని నా గట్టి అభిప్రాయం. రిగ్రెషన్ ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయిందో ఆ ప్రశ్నకోసమే దేశాన్ని ఎంచుకోవాలి.

రువాండా, అర్జెంటీనా రెండూ కోటా ఫలించిన దేశాలే. ఫలితం చూసి దేశాలను ఎంచుకుంటే, ఆ రెండింటిలో ఉమ్మడిగా కనిపించే ప్రతిదీ కారణంలా అనిపిస్తుంది. అదే లక్షణం ఉండి కూడా విఫలమైన దేశం మీ కంటపడదు. రాజనీతి శాస్త్రవేత్త బార్బరా గెడ్డెస్ 1990లో రాసిన వ్యాసం సరిగ్గా ఈ లోపం మీదే.

సరిచేసిన మోడల్ నుంచి రెసిడ్యువల్స్ (అసలు శాతానికీ మోడల్ అంచనాకూ మధ్య తేడాలు) తీసి, పెద్ద నుంచి చిన్నకు పేర్చండి. సున్నాకు దగ్గరగా ఉన్న దేశం మీరనుకున్న కారణం నిజంగా పనిచేసిందా అని చూడ్డానికి పనికొస్తుంది. రేఖకు దూరంగా ఉన్న దేశం మోడల్‌లో ఏం తప్పిపోయిందో వెతకడానికి పనికొస్తుంది. ఈ రెండు పనులు వేరు, ఏ దేశం ఏ పనికో ముందే రాసిపెట్టుకోండి. దూరంగా ఉన్న దేశాన్ని తీసుకునే ముందు అది డేటా ఎంట్రీ తప్పు కాదని చూసుకోవాలి. చాలాసార్లు అదే అవుతుంది.

మీ అంశానికి ఫ్రాన్స్‌ను మించింది కనిపించదు. 2000 నాటి చట్టం అభ్యర్థుల్లో సగం మహిళలు ఉండాలంది. జాతీయ అసెంబ్లీలో 577 సీట్లు, ఒక్కో నియోజకవర్గానికి ఒక్కరే. అక్కడ ఉల్లంఘనకు శిక్ష పార్టీకిచ్చే ప్రభుత్వ నిధుల్లో కోత మాత్రమే. 1997లో దాదాపు 11 శాతమున్న మహిళల వాటా 2002లో సుమారు 12కే చేరింది. అదే చట్టం కింద 2001లో జరిగిన మున్సిపల్ ఎన్నికల్లో, 3,500 మించి జనాభా ఉన్న కమ్యూన్లలో, కౌన్సిలర్లలో దాదాపు సగం మహిళలే. అక్కడ జాబితా పద్ధతి, అప్పట్లో ప్రతి ఆరుగురిలో ముగ్గురు మహిళలు ఉండకపోతే జాబితానే చెల్లేది కాదు. దేశం ఒకటే, చట్టం ఒకటే, పార్టీలు చాలావరకు అవే. కాబట్టి సంస్కృతి వల్ల, చదువు వల్ల అన్న వివరణలు ఇక్కడ నిలబడటం కష్టం. దేశాల మధ్య పోలికలో ఇంత శుభ్రమైన తేడా దొరకదు.

కోస్టారికాను జత చేయండి. 1994లో 15.8 శాతం, కోటా కింద తొలి ఎన్నిక 1998లో 19.3, 2002లో 35.1. మధ్యలో జరిగిందేమిటంటే, గెలిచే అవకాశమున్న స్థానాల్లోనే 40 శాతం ఉండాలని 1999లో ఎన్నికల ట్రిబ్యునల్ తేల్చింది. మీ 0/1 కాలమ్‌లో 1998కీ 2002కీ తేడా లేదు.

ఇక ప్రాసెస్ ట్రేసింగ్, అంటే ఒక దేశంలో కారణం నుంచి ఫలితం దాకా ఆధారాలతో జాడ తీయడం. ఫ్రాన్స్ 2002కి కనీసం మూడు వివరణలు పోటీ పడతాయి. పార్టీలకు మహిళా అభ్యర్థులు దొరకలేదు. సిట్టింగ్ సభ్యులను కదపలేక పార్టీలు జరిమానాకే సిద్ధపడ్డాయి. మహిళలకు టికెట్లిచ్చారు కానీ ఓడిపోయే సీట్లలో. ఆర్కైవ్ తెరవకముందే ఒక్కోదానికీ రెండు ప్రశ్నలు రాసుకోండి: ఇది నిజమైతే తప్పక కనిపించాల్సింది ఏమిటి? ఇది అబద్ధమైతే అస్సలు కనిపించకూడనిది ఏమిటి? మొదటిది కనిపించకపోతే వివరణ కూలిపోతుంది, కనిపించినంత మాత్రాన రుజువైనట్టు కాదు. రెండోది కనిపిస్తే వివరణ బలంగా నిలుస్తుంది, కనిపించకపోతే పెద్దగా నష్టం లేదు. ఉదాహరణకు మూడో వివరణ నిజమైతే, మహిళలకిచ్చిన సీట్లలో ఆ పార్టీ గత ఎన్నికలో ఓడిన తేడా, పురుషులకిచ్చిన సీట్లకన్నా ఎక్కువ ఉండి తీరాలి. ఇది 577 వరుసల పట్టికతో తేలిపోతుంది, ఇంటర్వ్యూ అక్కర్లేదు. రెండో వివరణకైతే నిధుల కోతను ఖర్చుగా ముందే లెక్కేసుకున్న పార్టీ అంతర్గత పత్రం దొరికిందంటే దాన్ని కొట్టిపారేయడం కష్టం.

మాటామంతీ:
ఇంటర్వ్యూల గురించి. ఎన్ని అన్నది చివరి ప్రశ్న, ఎవరు అన్నది మొదటిది. టికెట్లు ఖరారు చేసిన కమిటీ సభ్యులు, టికెట్ వచ్చినవారు, అడిగినా రానివారు, ఎన్నికల సంస్థలో జాబితాలు పరిశీలించిన అధికారులు. మూడో గుంపును చాలామంది వదిలేస్తారు. గెలిచినవాళ్లనే కలిస్తే పాతఫైళ్లు గారు చెప్పిన లోపమే ఇంటర్వ్యూల్లోనూ వస్తుంది. కొత్త ఇంటర్వ్యూల్లో కొత్త కోడ్‌లు (జవాబుల పేరాలకు మీరు పెట్టే అంశాల పేర్లు) రావడం ఆగిందా అని గుంపు గుంపుకూ విడిగా చూడండి. ఒక గుంపు తేలిపోయిందని మొత్తం ఆపేయకూడదు.

పత్రాలు చదివాకే మనుషులను కలవండి. "మహిళలకు టికెట్లు ఎందుకు తక్కువ ఇచ్చారు?" అంటే పత్రికా ప్రకటన లాంటి జవాబే వస్తుంది. "ఈ జాబితాలో నాలుగో పేరు ఎవరు ప్రతిపాదించారు? మొదటి చిత్తుప్రతిలో అక్కడ ఎవరున్నారు? ఏ సమావేశంలో మారింది?" అని అడగండి. క్రమం, తేదీ, పేరు అడిగితే జ్ఞాపకం పనిచేస్తుంది, ఆ జవాబును మినిట్స్‌తో సరిచూసుకోవచ్చు కూడా. పేరు దాచడమంటే పేరు తీసేయడమే కాదు. ఒక ప్రావిన్స్‌లో ఆ పార్టీకి ఒక్కరే కార్యదర్శి ఉన్నప్పుడు, హోదా రాసినా పేరు రాసినట్టే.

కోడింగ్ ఇద్దరు విడివిడిగా చేయాలి, ఏకీభావ శాతం ఒక్కటే చూపితే పరీక్షకులు ఒప్పుకోరు. 200 పేరాలు అనుకోండి. "జరిమానా లెక్క" అనే కోడ్‌ను ఇద్దరూ ఇచ్చినవి 20, ఇద్దరూ ఇవ్వనివి 150, ఒకరే ఇచ్చినవి ఇటు 15, అటు 15. ఏకీభావం 85 శాతం. కానీ ఒక్కొక్కరు 17.5 శాతం పేరాలకే ఆ కోడ్ ఇచ్చారు కాబట్టి, యాదృచ్ఛికంగానే 71 శాతం కలుస్తాయి. కోహెన్ కప్పా (యాదృచ్ఛికంగా కలిసేదాన్ని తీసేసి చూసే ఏకీభావ కొలత) లెక్కిస్తే 0.48 మాత్రమే. అప్పుడు మూడో మనిషిని పెట్టి మెజారిటీ తీయడం కాదు, విభేదించిన 30 పేరాలు పక్కపక్కన పెట్టుకుని నిర్వచనం ఎక్కడ వదులుగా ఉందో చూసి, కోడ్‌బుక్ తిరగరాసి, కొత్త పేరాల మీద మళ్లీ పరీక్షించాలి. పాత పేరాల మీదే మళ్లీ కొలిస్తే సంఖ్య పెరుగుతుంది, దానికి అర్థముండదు.

కొత్తస్కాలర్:
చాలా ధన్యవాదాలండీ. ఎన్నికను యూనిట్‌గా మార్చే పని మొదలుపెడతాను. ఒక్క సందేహం: ఫ్రాన్స్, కోస్టారికా చదివాక "శిక్ష ఎంత కఠినం, గెలిచే స్థానం నిబంధన ఉందా" అన్న రెండు కాలమ్‌లు చేర్చి రిగ్రెషన్ మళ్లీ నడిపితే, గుణాత్మక ఫలితం పరిమాణాత్మకంగా రుజువైందని రాయొచ్చా?

అంకెలబడి:
ఆ రెండు దేశాలు డేటాలో ఉండగా రాయకూడదు. ఊహ పుట్టిందే అక్కడ, అవి దాన్ని సమర్థించడంలో కొత్త సమాచారమేమీ లేదు. ఆ రెండింటినీ తీసేసి మిగతా 78 దేశాల మీద నడపండి, రెండు రకాల ఫలితాలూ పట్టికలో పక్కపక్కన ఇవ్వండి. కాలమ్‌లు నింపేవారికి ఆ దేశంలో మహిళల శాతం ఎంతో కనపడకుండా చట్టం పాఠం మాత్రమే ఇవ్వండి. ఫలితం తెలిసినవారు సరిహద్దు కేసుల్లో "కఠినం" వైపు మొగ్గుతారు. శిక్షకు మూడు స్థాయిలు చాలు: ఏమీ లేదు, డబ్బు కోత, జాబితా తిరస్కరణ. బ్రెజిల్ దగ్గర జాగ్రత్తగా ఉండండి. అక్కడి 1997 చట్టం 30 శాతం స్థానాలు కేటాయించాలంది తప్ప నింపాలనలేదు, ఆ మాట 2009లో మారింది. పైగా అది ఓపెన్ లిస్ట్, ఓట్లను బట్టే వరుస తేలుతుంది కాబట్టి గెలిచే స్థానం నిబంధన అక్కడ వర్తించదు. ఆ కాలమ్‌లో 0 వేయకుండా ఓపెన్ లిస్ట్ దేశాలకు విడిగా ఒక కోడ్ పెట్టండి.