పాడైతే బాగుచేయించుకుని ఏళ్లపాటు వాడుకోగల మిక్సీ, గ్రైండర్, కుక్కర్: మీ అనుభవాలు చెప్పండి

బెజవాడ_కొత్తకాపురం:
వేరు కాపురం పెడుతున్నాం, మూడూ కొనాలి. షాపులో ఏది అడిగినా వాట్లు, వారంటీ తప్ప ఇంకేం చెప్పట్లేదు. ఏం చూసి కొనాలండీ?

తెనాలి_వైండింగ్:
రిపేర్ షాపు నాది, మిక్సీ సంగతి కాస్త వివరంగా చెప్తాను. కాలిపోయిందని తెచ్చేవాటిలో చాలావాటికి మోటారు బాగానే ఉంటుంది. ముందు బోర్లించి అడుగున ఎర్ర బటన్ చూడండి, లోడ్ ఎక్కువైతే అది ట్రిప్ అవుతుంది, చల్లారాక నొక్కితే మళ్లీ తిరుగుతుంది. తర్వాత కార్బన్ బ్రష్‌లు. ఆర్మేచర్‌కి అంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించేవి ఆ రెండు ముక్కలే, రాసుకుని రాసుకుని అరిగిపోతాయి. లోపల నిప్పురవ్వలు బాగా ఎగురుతున్నా, ఆగి ఆగి తిరుగుతున్నా మార్పించేయండి, పెద్ద ఖర్చు కాదు. అలాగే నడిపిస్తే కమ్యుటేటర్ (ఆర్మేచర్ మీద బ్రష్‌లు రాసుకునే రాగి భాగం) దెబ్బతిని ఆర్మేచరే మార్చాల్సి వస్తుంది, అప్పుడు పడుతుంది బిల్లు. జార్ అడుగు నుంచి నల్లటి నీళ్లు కారితే బుష్ (బ్లేడు కడ్డీ తిరిగే చిన్న గొట్టం) అరిగినట్టు, జార్ పారేయక్కర్లేదు. అందుకే కొనేముందు మీ ఊళ్లో స్పేర్ పార్ట్స్ కొట్టుకెళ్లి ఆ మోడల్ కప్లర్ (మోటారుని జార్‌కి కలిపే ముక్క), బుష్, బ్రష్‌లు ఉన్నాయా అని అడగండి. ఉన్నాయంటేనే కొనండి.

ఉప్పల్_పిన్ని:
అక్షరాలా నిజం. మేం టచ్ బటన్ల మిక్సీ తీసుకున్నాం, మోటారు భేషుగ్గా ఉంది, లోపలి బోర్డు పోయింది. ఆ మోడల్ ఆపేశాం, బోర్డు రాదన్నారు. మోటారుకి వారంటీ ఉందట, బోర్డుకి లేదట! తిప్పే నాబ్ ఉన్నదే తీసుకో అమ్మా.

నెల్లూరు_ఇడ్లీపిండి:
గ్రైండర్ అంటే నాకు కోయంబత్తూరుదే, దానికి జీఐ గుర్తింపు (ఆ ఊరి ప్రత్యేకత అని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది. ఇండక్షన్ మోటారు కాబట్టి బ్రష్‌ల గొడవే లేదు. మా అత్తగారి టిల్టింగ్ (వంచి పిండి తీసే) గ్రైండర్ నేనూ వాడుతున్నా, పిండి నలగడం తగ్గితే రాళ్లకు గంట్లు కొట్టిస్తాం, అంతే.

డాలస్_బావ:
అమెరికా వచ్చేవాళ్లు గ్రైండర్ ఇక్కడి 120 వోల్టుల మోడలే కొనుక్కోండి. మన 230 వోల్టులది తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా ఫ్రీక్వెన్సీ మారదు. ఇక్కడ 60 హెర్ట్జ్, అక్కడ 50, దాంతో ఇండక్షన్ మోటారు ఐదో వంతు ఎక్కువ వేగంగా తిరుగుతుంది. మిక్సీ మోటారుకి ఈ తేడా పట్టదు గానీ ట్రాన్స్‌ఫార్మర్ బరువు చూస్తే దండం పెట్టాలి.

కర్నూలు_మాస్టారు:
కుక్కర్‌కి ఐఎస్ఐ మార్కు చూడమ్మా, 2021 ఫిబ్రవరి నుంచి అది తప్పనిసరి. గాస్కెట్ సాగితే మార్చు. సేఫ్టీ వాల్వ్ మాత్రం అదే కంపెనీది వేయించు. ఆవిరి దారి మూసుకుపోయినా, నీళ్లు ఇంకిపోయి కుక్కర్ మరీ వేడెక్కినా అందులోని లోహం కరిగి ఆవిరిని వదిలేస్తుంది, ప్రాణాలు కాపాడేది అదే. పది రూపాయలు మిగులుతాయని నకిలీది వేయించకు.

బెజవాడ_కొత్తకాపురం:
అందరికీ థాంక్స్. మా వంటగది చిన్నది, టేబుల్ టాప్ గ్రైండరే పడుతుంది. అందులో ఏం అరుగుతాయి?

నెల్లూరు_ఇడ్లీపిండి:
బెల్టు, రాళ్లలోని బుష్‌లు. కొన్న రోజే బెల్టు మీద నంబరు ఫొటో తీసి పెట్టుకో, వాడేకొద్దీ చెరిగిపోతుంది.