నొప్పి లేకుండా మూత్రంలో రక్తం, ఒక్కసారే వచ్చి ఆగిపోయింది. చూపించాలా?

కాకినాడ అబ్బాయి:
నాన్నగారికి 61. పోయిన వారం మూత్రం డికాక్షన్ రంగులో వచ్చిందట. నొప్పి లేదు, మంట లేదు. రెండు రోజులకి మామూలైపోయింది. "వేడి చేసిందిరా, బార్లీ నీళ్లకి తగ్గింది" అంటున్నారు. 30 ఏళ్లు సిగరెట్లు కాల్చి ఈమధ్యే మానేశారు. గుండెకి స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటారు. దానివల్లేనా? నాకు టెన్షన్‌గా ఉంది.

గుంటూరు అక్క:
తమ్ముడూ, ఆగిపోయిందని ఊరుకోవద్దు. మా అమ్మకీ ఇలాగే వచ్చి ఆగేది. ఇన్ఫెక్షన్ అని మూడుసార్లు యాంటీబయాటిక్స్ వాడించారు. యూరిన్ కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదని, అంటే ఇన్ఫెక్షన్ కనపడలేదని, రిపోర్టులో ఉంది. మేం చదవనే లేదు, అదే ఇప్పటికీ బాధ. ఐదు నెలలకి సిస్టోస్కోపీ చేశారు, అంటే మూత్రమార్గం గుండా సన్నని కెమెరా గొట్టం పంపి మూత్రాశయం లోపల చూడటం. స్క్రీన్ మీద చూశాను, మూత్రాశయం గోడకి చిన్న గడ్డ, నీళ్లలో నాచులా ఊగుతోంది. కోత లేకుండా మూత్రమార్గం గుండానే తీసేశారు. క్యాన్సర్ అని తేలింది, కానీ కండరం దాకా పాకలేదు. తర్వాత వారానికోసారి ఆరు వారాలు బీసీజీ మందు మూత్రాశయం లోపలికి ఎక్కించారు, పిల్లల టీకాలో ఉండేదే. ఇప్పుడు 3 నెలలకోసారి లోపల చూస్తున్నారు.

స్కానింగ్ రూమ్:
నేను అల్ట్రాసౌండ్ టెక్నీషియన్‌ని. స్కాన్ నార్మల్ అని వచ్చినా అక్కడితో ఆపకండి. మరీ చిన్న గడ్డలు, గోడకి పరుచుకున్నట్టుండేవి మాకు దొరక్కపోవచ్చు. కిడ్నీలు, మూత్రనాళాలకి సీటీ యూరోగ్రామ్ (రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్), మూత్రాశయానికి సిస్టోస్కోపీ. నాన్నగారి వయసుకి, సిగరెట్ అలవాటుకి రెండూ అడగండి. మాత్రవల్లే అని సరిపెట్టుకోవద్దు. మాత్ర ఉన్నా లేకపోయినా ఈ పరీక్షలు చేయాల్సిందే.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే రక్తపరీక్ష) కూడా రాస్తే ఒక మాట. నేను ప్రోస్టేట్‌కి డ్యూటాస్టెరైడ్ వాడుతున్న సంగతి చెప్పలేదు. ఆ మందు కొన్ని నెలలు వాడితే పీఎస్‌ఏ దాదాపు సగానికి పడిపోతుందట. నా 3 చూసి పర్లేదన్నారు, అసలు లెక్క 6 దగ్గర. మందుల చీటీలన్నీ పట్టుకెళ్లండి.

కాకినాడ అబ్బాయి:
నాన్నగారు ఒప్పుకున్నారు, గురువారం సిస్టోస్కోపీ. బాగా నొప్పి ఉంటుందా? స్టెంట్ మాత్ర ముందురోజు ఆపేయాలా?

గుంటూరు అక్క:
అమ్మకి జెల్‌తో మొద్దుబార్చి చేశారు, పది నిమిషాలు పట్టింది. ఒకట్రెండు రోజులు మంట ఉండింది, నీళ్లు బాగా తాగించాం. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు తమ్ముడూ. గుండె డాక్టర్‌కి ఈరోజే ఫోన్ చేసి అడుగు.