బీఎండబ్ల్యూ ఎం340ఐ కొనాలా, మామూలు 330 చాలా? గుంటూరు, బెజవాడ రోడ్ల మీద తిరిగేవాళ్లు చెప్పండి

బ్రాడీపేట కుర్రాడు:

అందరికీ నమస్తే. మాది గుంటూరు, యార్డులో మిర్చి కమిషన్ వ్యాపారం. ఇంట్లో ఉన్న ఇన్నోవాకి పదకొండేళ్లు నిండాయి. ఈసారి నాన్న "నీకు నచ్చింది కొనుక్కోరా" అన్నారు, ఆ మాట ఈ జన్మలో మళ్లీ వినబడదని నాకు తెలుసు కాబట్టి తొందరగా తేల్చుకోవాలి. బీఎండబ్ల్యూ త్రీ సిరీస్ అని ఫిక్స్ అయ్యాం, అందులో ఏది అన్నదే తేలడం లేదు. 330ఎల్‌ఐ అంటే రెండు లీటర్ల పెట్రోలు, నాలుగు సిలిండర్లు, 258 హార్స్‌పవర్. ఎం340ఐ అంటే మూడు లీటర్లు, ఆరు సిలిండర్లు, 374 హార్స్‌పవర్. షోరూమ్ ధరలో తేడా పన్నెండు లక్షల దగ్గర చెప్తున్నారు. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను, ఎక్కువగా గుంటూరు–విజయవాడ, రెండు నెలలకోసారి హైదరాబాదు. యూట్యూబులో అందరూ ఎం340యే అంటున్నారు గానీ వాళ్లెవరూ బ్రాడీపేట లైన్లలో బండి తిప్పుకునేవాళ్లు కాదు. ఆ తేడా నిజంగా తెలుస్తుందా? మైలేజీ ఎంతొస్తుంది? నాన్నకి మోకాళ్ల నొప్పులు, వెనకే కూర్చుంటారు, అది కూడా చూసి చెప్పండి.

పటమట బాబాయ్:

డబ్బులున్నాయి, నాన్న సరేనన్నారు, ఇంకా అడగడం ఏంటి తమ్ముడూ. ఎం340 బుక్ చేసి మాకు పార్టీ ఇవ్వు.

అరండల్‌పేట 330:

బాబాయ్ గారికి ఈఎంఐ కట్టేది ఆయన కాదు కాబట్టి అలాగే ఉంటుంది. నేను 330ఎల్‌ఐ వాడుతున్నాను, పద్నాలుగు నెలలైంది. ఊళ్లో ఎనిమిది, తొమ్మిది ఇస్తుంది, హైవే మీద బుద్ధిగా తోలితే పద్నాలుగు దాకా చూశాను. 258 గుర్రాలు తక్కువేం కాదు, నేను యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కిన సందర్భాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇంకోటి, పేరులో ఆ 'ఎల్' ఉత్తినే పెట్టలేదు. రెండు చక్రాల మధ్య దూరం ఎం340కన్నా 110 మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే పదకొండు సెంటీమీటర్లు, అదంతా వెనక కూర్చున్నవాళ్ల కాళ్ల దగ్గరికే వచ్చింది.

మొగల్రాజపురం ఎం340:

తమ్ముడూ, నా దగ్గర నువ్వడిగే బండే ఉంది, మూడేళ్లు దాటింది, కాబట్టి తీరిగ్గా చెప్తాను, పెద్దగా ఉంటే ఏమనుకోకు.

మంచి మాట ముందు. ఆ ఇంజన్ గురించి యూట్యూబువాళ్లు చెప్పేది అబద్ధం కాదు. ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉంటే ఒకదాని ఊపుని ఇంకోటి కొట్టేస్తుంది, నాలుగు సిలిండర్లదాన్ని ఎంత బాగా కట్టినా సన్నటి వణుకు ఎక్కడో మిగిలే ఉంటుంది. ఇదే ఇంజన్ టయోటా సుప్రాలో కూడా పెట్టారు, అంటే వేరే కంపెనీవాళ్లు కూడా ఒప్పుకున్న ఇంజన్ అన్నమాట. పొద్దున్నే స్టార్ట్ చేస్తే మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఒక గుర్రుమనే శబ్దం వస్తుంది, వాచ్‌మన్ ఇప్పటికీ తల తిప్పి చూస్తాడు. నాకు ఆ ఒక్క క్షణానికే సగం డబ్బు వసూలైపోయినట్టు ఉంటుంది. మిగతా సగం సంగతే ఇప్పుడు మాట్లాడుకోవాలి.

కంపెనీ లెక్కలో సున్నా నుంచి వందకి ఎం340 4.4 సెకన్లు, 330ఎల్‌ఐ 6.2. తేడా సెకనున్నర పైన. కాగితం మీద చాలా పెద్దది. కానీ నువ్వు తిరిగేది గుంటూరు–విజయవాడ, ముప్పై ఐదు కిలోమీటర్లు. వంద మీద ఆగకుండా వెళ్తే ఇరవై ఒక్క నిమిషాలు, ఎవరూ అడ్డురాకుండా నూట నలభై మీద వెళ్లినా పదిహేను. మిగిలిన ఆ ఆరు నిమిషాలు బెంజ్ సర్కిల్ దగ్గర ఒక్క సిగ్నల్‌కే సరి. (బెంజ్ సర్కిల్‌లో బీఎండబ్ల్యూ వేసుకుని ఇరుక్కోవడం వేరే బాధ.) పైగా నాలుగు వరసల జాతీయ రహదారి మీద కార్లకి పరిమితే వంద, చాలాచోట్ల బోర్డు అంతకన్నా తక్కువే చూపిస్తుంది. చదునైన రోడ్డు మీద వందలో నిలకడగా వెళ్లడానికి ఇలాంటి బండికి ఇరవై, ఇరవై ఐదు గుర్రాలు చాలు. మిగతావన్నీ లాయంలో గడ్డి తింటూ ఉంటాయి.

మరి ఎక్కడ తెలుస్తుందంటే ఎదురెదురుగా బండ్లు వచ్చే రోడ్డు మీద. పొన్నూరు రోడ్డులో బస్తాలెత్తిన ట్రాక్టర్ వెనక ఇరుక్కున్నప్పుడు, ఎదర ఖాళీ కనబడగానే కొంచెం తొక్కితే చాలు, ఆలోచించేలోపు దాటేసి మన వరసలోకి వచ్చేస్తాం. అవతలి పక్క ఉండే సమయం తగ్గడమంటే అది సోకు కాదు, క్షేమం. అయితే 330 కూడా ఆ పని బాగానే చేస్తుంది, 400 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, ఉంది దానికి, నాదానికి 500. రెండింటికీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్కే. 330కి వెనక చక్రాలకే శక్తి వెళ్తుంది, ఎం340కి నాలుగు చక్రాలకీ, వానలో రోడ్డు జారుతున్నప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది.

భయం సంగతి కూడా చెప్పాలి. వంద స్పీడులో ఒక్క సెకనుకి బండి 28 మీటర్లు వెళ్తుంది, నూట యాభైలో 42. బ్రేకు పడ్డాక ఆగే దూరం అయితే రెండింతల పైనే. చిలకలూరిపేట దాటాక ఒకరోజు పొద్దున ఆరింటికి రోడ్డంతా ఖాళీ, తొక్కాను, డివైడర్ సందులోంచి పాల క్యాన్లు కట్టుకున్న టీవీఎస్ బండి రాంగ్ రూట్లో ఎదురొచ్చింది. ఏమీ కాలేదు. ఆయన క్యాన్లు కూడా ఒలకలేదు. నేను మాత్రం బండి పక్కకి తీసి పది నిమిషాలు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత ఆ స్పీడు జోలికి మన రోడ్ల మీద మళ్లీ పోలేదు.

టైర్లు. నాదానికి ముందు 225, వెనక 255, కాబట్టి ముందువి వెనక్కి మార్చి ఆయుష్షు పెంచుకునే వీల్లేదు. పక్కగోడలు పల్చగా ఉంటాయి. నిరుడు ఒక గుంతలో పడి పక్కగోడ ఉబ్బింది, ఇక్కడ ఒక షాపతను రేపొస్తుంది రేపొస్తుంది అని తొమ్మిది రోజులు తిప్పాడు. చివరికి వచ్చిన టైరు మీద నాలుగంకెల కోడ్ చూస్తే 1419 అని ఉంది, అంటే 2019లో పద్నాలుగో వారం తయారీ. కొత్త టైరు ధరకి ఐదేళ్ల పాత టైరు! వెనక్కిచ్చేసి హైదరాబాదు నుంచి తెప్పించుకున్నాను. నువ్వు ఏ బండి కొన్నా టైరు బిగించేముందు ఆ అంకెలు చూడు.

డబ్బు లెక్క. పన్నెండు లక్షల తేడా పన్నెండు దగ్గర ఆగదు. మన రాష్ట్రంలో ఇరవై లక్షలు దాటిన కారుకి జీవిత పన్ను 18 శాతం, ఆ తేడా మీదే రెండు లక్షల పదహారు వేలు. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ రెండింటికీ ఒకటే, ఎందుకంటే రెండూ 1500 సీసీ పైనే, కానీ సొంత డ్యామేజీ ప్రీమియం బండి విలువని బట్టి పెరుగుతుంది. అన్నీ కలిపితే పద్నాలుగున్నర అనుకో. అది లోన్ పెడితే తొమ్మిది శాతం వడ్డీకి, ఐదేళ్లకి, నెలకి ముప్పై వేలు. పెట్రోలు చూద్దాం: నాది కలగలుపుగా ఏడు ఇస్తుంది, 330 పది అనుకుందాం, ఏడాదికి పన్నెండు వేల కిలోమీటర్లకి 514 లీటర్లు ఎక్కువ. లీటరు నూట పది వేసుకున్నా యాభై ఆరు వేలు దాటుతుంది.

ఇంతా చెప్పి, మళ్లీ కొనాల్సొస్తే నేను ఎం340యే కొంటాను. నాకు వెనక సీట్లో కూర్చునేవాళ్లు ఎవరూ లేరు, ఆదివారం పొద్దున్న ఐదున్నరకి పనేమీ లేకుండా బండి తోలడం నాకున్న ఒకే ఒక్క వ్యసనం. నీ ప్రశ్నలో మాత్రం మైలేజీ ఉంది, నాన్న మోకాళ్లున్నాయి, తోలాలన్న కోరిక ఎక్కడా కనబడలేదు. నీకు 330.

బ్రాడీపేట కుర్రాడు:

అన్నయ్యా, కోరిక లేదని ఎలా అంటారు, రాత్రి రెండింటి దాకా వీడియోలు చూస్తున్నాను. 330 తీసుకుని తర్వాత ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) రీమ్యాప్ చేయించుకుంటే? లక్షన్నరలో మూడొందల పైన గుర్రాలు వస్తాయని ఒకతను చెప్పాడు.

ఆటోనగర్ మేస్త్రీ:

బాబూ, రీమ్యాప్ అంటే ఇంజన్‌కి ఎంత పెట్రోలు, టర్బోకి ఎంత ఒత్తిడి అని చెప్పే ప్రోగ్రామ్ మార్చడం. గుర్రాలు వస్తాయి, కాదనను. కానీ ఎం340కి ఇంజనొక్కటే పెద్దది పెట్టలేదు. బ్రేకులు వేరు, వెనక చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్ వేరు. నువ్వు ప్రోగ్రామ్ ఒక్కటే మార్చి మిగతావి పాతవే ఉంచితే, గాలిపటానికి దారం మార్చకుండా సైజు పెంచినట్టు. వారంటీలో ఉన్నంత కాలం అసలు ముట్టుకోకు, సర్వీసులో కంప్యూటర్ తగిలించగానే తెలిసిపోతుంది, ఇంజన్‌కి ఏమొచ్చినా మీదే ఖర్చంటారు. ఇన్సూరెన్స్‌వాళ్లకి చెప్పకుండా చేయిస్తే క్లెయిమ్ దగ్గర తంటా.

ఇంకొకటి, మీరు యార్డుకి వెళ్తారు కదా, ఏసీ క్యాబిన్ ఫిల్టర్ బుక్కులో రాసినదానికన్నా ముందే మార్చండి. మార్చి, ఏప్రిల్లో ఒక కమిషన్ వ్యాపారి గారి బండి ఫిల్టర్ తీసి దులిపాను, ఎర్రగా పొడి రాలింది, షెడ్డులో ఉన్న నలుగురం అరగంట తుమ్ముతూనే ఉన్నాం. ఆయనేమో ఏడాదిగా తనకి ఎలర్జీ అని మందులు వాడుతున్నారట.

అరండల్‌పేట 330:

హహ, ఆ ఎలర్జీ నాకూ ఉంది, రేపే చూపిస్తాను.

తమ్ముడూ, స్పీడ్ బ్రేకర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. త్రీ సిరీస్ ఏదైనా కిందకే ఉంటుంది, ఇన్నోవా దిగి ఎక్కితే నేల మీద కూర్చున్నట్టుంటుంది. మా వీధిలో బ్రేకర్ దాటేటప్పుడు నేను ఏటవాలుగా ఎక్కిస్తాను, వెనక స్కూటరువాళ్లు తిడతారు, అలవాటైపోయింది. నాన్నగారికి ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు కష్టం. కొనేముందు ఆయన్ని ఐదుసార్లు ఎక్కించి దించి చూడు.

మొగల్రాజపురం ఎం340:

అదీ మాట. టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కడివే వెళ్లకు. షోరూమ్‌వాళ్లు ఖాళీ రోడ్డు చూపించి ఒకసారి గట్టిగా తొక్కమంటారు, నవ్వుతూ దిగి చెక్కు రాసేస్తావు. నువ్వు రోజూ వెళ్లే దారిలోనే తీసుకెళ్లు, రెండు బండ్లూ ఒకే రోజు, ఒకే దారి, నాన్నగారు వెనక. సగం దూరం నువ్వు కూడా వెనక కూర్చో. నీకు నిజంగా స్పీడు మోజే ఉంటే చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల రేసు ట్రాక్ ఉంది, అక్కడ శిక్షణ ఇచ్చి తోలిస్తారు. అక్కడ రెండు రోజులు తోలాక కూడా ఎం340 కావాలనిపిస్తే అప్పుడు నా మాట వినకు.

పటమట బాబాయ్:

పార్టీ పోయినట్టేనా?

బ్రాడీపేట కుర్రాడు:

పది రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమనుకోకండి. యార్డు సెలవు చూసుకుని నాన్నని తీసుకెళ్లాను. ముందు 330ఎల్‌ఐ. కాజ టోల్ దాటాక అద్దంలో చూస్తే కాళ్లు చాపుకుని, నోరు కొంచెం తెరిచి, నిద్ర. ఇన్నోవాలో ఈయన నిద్రపోవడం నేనెప్పుడూ చూడలేదు, రోడ్డంతా నాకు డ్రైవింగ్ నేర్పుతూనే ఉంటారు. తర్వాత ఎం340. వెనక కూర్చుంటే మోకాళ్లు ముందు సీటుకి దగ్గరగా వచ్చాయి, దిగేటప్పుడు తలుపు పట్టుకుని రెండుసార్లు ఊపు తీసుకుని లేచారు. మధ్యలో ఖాళీ దొరికితే ఒకసారి తొక్కాను. నాన్న ఏమీ అనలేదు. రెండు నిమిషాలాగి, చాలా నెమ్మదిగా, "ఇందాక చేసింది ఇంకోసారి చెయ్యి" అన్నారు.

330ఎల్‌ఐకి అడ్వాన్స్ ఇచ్చేశాం. రంగు అమ్మ చెప్పింది, తెలుపు. రీమ్యాప్ ఆలోచన మానేశాను. మేస్త్రీ గారూ, ఇన్నోవా ఫిల్టర్ తీసి చూశాను, మీరు చెప్పినట్టే ఎర్రగా ఉంది.

ఒక్కటే చిక్కు. అడ్వాన్స్ ఇచ్చిన దగ్గర్నుంచి నాన్న రోజూ రాత్రి అన్నం దగ్గర అడుగుతున్నారు, ఆ రెండో బండి మీవాళ్లలో ఎవరికో ఉందన్నావు కదా, ఆయన మంచివాడేనా అని.

మొగల్రాజపురం ఎం340:

ఆదివారం పొద్దున్న ఐదున్నర, వారధి అవతల, తాడేపల్లి వైపు. నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెడదాం, నువ్వు వెనక్కి వెళ్లు.