దూరంగా ఉన్న తక్కువ లోతు బావి నుంచి పెద్ద పెరటి తోటకు నీరు: బెంగళూరు తోటల వారి అనుభవాలు

యలహంక పెరడు:
అందరికీ నమస్కారం. యలహంక శివార్లలో మా ఇంటి స్థలం పది గుంటలు, అంటే పావు ఎకరం. అందులో సగం మేర మామిడి, మునగ, కరివేపాకు, కూరగాయల మళ్లు ఉన్నాయి. ఇంటికి సుమారు 120 మీటర్ల దూరంలో, స్థలం చివర, నాలుగడుగుల (సుమారు 1.2 మీటర్ల) వ్యాసమున్న సిమెంటు వరలు దించిన పాత బావి ఉంది. వేసవిలో నీరు నేలకు ఐదు మీటర్ల దిగువన నిలుస్తుంది. అక్కడి నుంచి అడుగు వరకు మూడు మీటర్ల నీరుంటుంది. 2024 మార్చిలో తాగునీటిని తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించినప్పటి నుంచి తోటను పూర్తిగా ఈ బావి మీదికే మార్చాలనుకుంటున్నాము. మోటారును ఇంటి దగ్గరే బిగించి నీటిని లాగవచ్చని ప్లంబరు గారు అంటున్నారు. అది సాధ్యమేనా?

కనకపుర రోడ్డు తోట:
దయచేసి అలా చేయించకండి. మోటారు నిజానికి నీటిని లాగదు. పైపులో గాలి తగ్గినప్పుడు బయటి వాతావరణ పీడనమే నీటిని పైకి నెడుతుంది. సముద్రమట్టం దగ్గర ఆ పీడనం లెక్క ప్రకారం పది మీటర్లకు మించి నీటిని ఎత్తలేదు. బెంగళూరు 900 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ మరో మీటరు తగ్గుతుంది, ఆచరణలో ఆరు మీటర్లు దాటితే నమ్మకం ఉండదు. మీ బావిలో ఐదు మీటర్లు ఎత్తడానికే ఆ శక్తి దాదాపు సరిపోతుంది కనుక, 120 మీటర్ల సక్షన్ పైపులో (బావి నుంచి మోటారు దాకా ఉండే పైపు) రాపిడికి మిగిలేది చాలా తక్కువ. పైగా ఏ ఒక్క జాయింటులో సన్నని గాలి చొరబడినా నీరు తెగిపోతుంది, ఆ చోటు కనిపెట్టడం ఎంతో కష్టం. మోటారు బావి గట్టున ఉండాలి, లేదా ఓపెన్‌వెల్ సబ్‌మెర్సిబుల్ అయితే నీటిలోనే ఉండాలి. నెట్టడానికి దూరం అంత అడ్డంకి కాదు.

హోస్కోటె మామిడితోట:
పై మాట అక్షరాలా నిజం. అయితే నెట్టేటప్పుడు కూడా పైపు లావు విషయంలో పొదుపు చేయకూడదు. గంటకు 3,000 లీటర్లు పంపితే, లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లున్న పైపులో ప్రతి వంద మీటర్లకు నీటిని పన్నెండు మీటర్లకు పైగా ఎత్తుకు ఎక్కించేంత ఒత్తిడి రాపిడికే పోతుంది. అదే 40 మిల్లీమీటర్ల పైపులో ఒక మీటరుకు కాస్త మించి మాత్రమే పోతుంది. పైపు ఖర్చు ఒక్కసారే, కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది. కేబుల్ సంగతీ ఇంతే. ఏడు ఆంపియర్లు తీసుకునే మోటారుకు 120 మీటర్ల దూరం 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేస్తే ఇరవై వోల్టులు దారిలోనే తగ్గుతాయి. సాయంత్రాలు వోల్టేజీ అసలే తక్కువగా ఉండే మన శివార్లలో అది మోటారు వైండింగుకు మంచిది కాదు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ తీసుకోండి.

జిగణి మిద్దె-మడి:
పైపు, మోటారు కన్నా ముందు బావి ఊటను కొలవమని నా మనవి. నాలుగడుగుల వరలో ఒక మీటరు నీరంటే సుమారు 1,130 లీటర్లు. మీ మూడు మీటర్లకు 3,400 లీటర్లు. పైన చెప్పిన మోటారు గంటకు కాస్త మించిన సమయంలోనే దానిని ఖాళీ చేస్తుంది. సాగులో ఉన్న ఐదు గుంటలకు (సుమారు 500 చదరపు మీటర్లు), వేసవిలో రోజుకు ఐదు మిల్లీమీటర్ల చొప్పున తడి కావాలనుకుంటే, రోజుకు 2,500 లీటర్లు అవసరం. అంటే ఒక్క రోజు నిల్వ ఉంది, మరుసటి రోజు ఎంత ఊరుతుందన్నదే అసలు ప్రశ్న. ఏప్రిల్‌లో నీరు సగానికి తోడి ఆపి, ముడులు వేసిన తాడుతో గంటగంటకు మట్టం చూడండి. పది సెంటీమీటర్లు పెరిగితే 113 లీటర్లు ఊరినట్లు. మట్టం తగ్గినప్పుడు ఊట వేగంగా ఉంటుంది, నిండేకొద్దీ మందగిస్తుంది. అందుకే ఒకేసారి కాక ఉదయం, సాయంత్రం తోడి ఇంటి దగ్గరి తొట్టెకు ఎక్కించడం మేలు.

యలహంక పెరడు:
ఎంతో ఓపికగా వివరించారు, ధన్యవాదాలు. తొట్టెను రెండున్నర మీటర్ల ఎత్తున పెడితే, మరో మోటారు లేకుండా డ్రిప్ నడుస్తుందా?

కనకపుర రోడ్డు తోట:
నడుస్తుంది, కానీ ఆ ఎత్తు ఇచ్చే ఒత్తిడి పావు బార్ మాత్రమే. ఒత్తిడిని సరిచేసే రకం డ్రిప్పర్లలో చాలావాటికి అది చాలదు. మామూలు డ్రిప్పర్లు ఎంచుకుని, మొక్కల వరుసలకు వెళ్లే పిల్ల పైపులను పొట్టిగా ఉంచి, తోటను భాగాలుగా తడపండి. బావి నీటిలో ఆకు, పాచి తప్పవు కనుక డిస్క్ ఫిల్టరు తప్పనిసరి. మోటారు గట్టున ఉంటే, సక్షన్ పైపు కొసన బిగించే ఫుట్ వాల్వ్ అడుగు మట్టికి ఒక అడుగైనా పైన ఉండాలి, నీరు అయిపోతే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ కూడా పెట్టించండి.

హోస్కోటె మామిడితోట:
ఊట తక్కువగా తేలితే నిరాశపడకండి, ముందు పూడిక తీయించండి. కబ్బన్ పార్కులోని పాత బావులను బాగుచేసిన, బావులు తవ్వడమే కులవృత్తిగా ఉన్న మన్ను వడ్డర్లు ఇప్పటికీ ఈ పని చేస్తున్నారు, వారిలో చాలామందితో తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇంటి కప్పు నీటిని వడపోసి బావి పక్క ఇంకుడు గుంతకు మళ్లిస్తే, సెప్టెంబరు, అక్టోబరు వానలు బాగా ఉపయోగపడతాయి. ఒక్క హెచ్చరిక: చాలాకాలం మూసి ఉన్న బావిలో ప్రాణవాయువు తగ్గి ఉండవచ్చు. దీపం దించి చూసినంత మాత్రాన విషవాయువులు లేవని తేలదు. డీజిల్ ఇంజనును ఏ పరిస్థితిలోనూ బావి లోపలికి దించనివ్వకండి. మోటారు కరెంటు తీసేసి, లోపలికి గాలి ఆడేలా చేసి, నడుముకు తాడు కట్టి, పైన మనుషులుండగా మాత్రమే ఎవరినైనా దిగనివ్వండి.