ప్లేగు ఊరు ఈమ్: ఒక్క రోజులో ఏవి చూడాలి, ఏది ముందు?

ప్రశ్న:
ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో ఉన్న ఈమ్ అనే చిన్న ఊరికి ఒక్క రోజు వెళ్లే వీలు కుదిరింది. 17వ శతాబ్దంలో ప్లేగు సోకినప్పుడు, అది పొరుగు గ్రామాలకు పాకకూడదని ఆ ఊరివాళ్లు తమను తామే కట్టడి చేసుకున్నారని చదివాను. ఆనాటి ఆనవాళ్లలో ఏవి మిగిలాయో, వాటిని ఏ వరుసలో చూడాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1:
చర్చితో మొదలుపెట్టకండి. ముందుగా ఈమ్‌కూ స్టోనీ మిడిల్టన్‌కూ మధ్య పొలాల్లో ఉన్న సరిహద్దు రాయిని చూడండి. దాని మీద ఆరు గుంటలుంటాయి. పొరుగువాళ్లు అక్కడ సరుకులు పెట్టి వెళితే, ఈమ్‌వాళ్లు వాటి ఖరీదు నాణేలను ఆ గుంటల్లో పోసిన వినెగర్‌లో వేసేవారు. వినెగర్ రోగాన్ని కడిగేస్తుందని వారి నమ్మకం. ఇంకో దిక్కున మాంపెసన్ బావి దగ్గర కూడా ఇదే ఏర్పాటు ఉండేది.

1665లో లండన్ నుంచి ఒక దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటతో రోగం ప్రవేశించిందని చెబుతారు. ఆ సెప్టెంబరు 7న దర్జీ సహాయకుడు జార్జ్ వికర్స్‌ను పాతిపెట్టారు. 1666 జూన్‌లో మతగురువు విలియం మాంపెసన్ ఊరిని కట్టడికి ఒప్పించారు. అయితే జనానికి ఆయన మీద అంత గురి లేదు; వారు నమ్మింది 1662లో పదవి పోగొట్టుకున్న పాత గురువు థామస్ స్టాన్లీని. ఆ ఇద్దరూ ఏకం కాకపోతే ఇది జరిగేది కాదని నా అభిప్రాయం.

జవాబు 2:
పై మాటకు ఒక సవరణ అవసరం. కట్టడికి ముందే ఊరు విడిచినవారు ఉన్నారు. మాంపెసన్ కూడా తన పిల్లలను బయటికి పంపించారు. భార్య కేథరిన్ మాత్రం ఆయనతోనే ఉండి, 1666 ఆగస్టులో చనిపోయారు. ఆమె సమాధి చర్చి ఆవరణలోనే, ప్లేగుకు ఎన్నో శతాబ్దాల ముందు చెక్కిన ఆంగ్లో-సాక్సన్ రాతి శిలువకు దగ్గరలో ఉంది.

రైలీ సమాధులను వదలకండి. ఊరి బయట పొలంలో గుండ్రని రాతి గోడ, దాని లోపల హ్యాంకాక్ కుటుంబం. 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల వ్యవధిలో ఎలిజబెత్ హ్యాంకాక్ తన భర్తనూ ఆరుగురు పిల్లలనూ తన చేతులతోనే పూడ్చింది. మొత్తం చనిపోయినవారు సుమారు 260 మంది అని చెబుతారు గానీ, నాకు ఆ గోడ దగ్గరే ఆ సంఖ్య బరువు తెలిసింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అయితే స్టోనీ మిడిల్టన్‌లోనే దిగి, సరిహద్దు రాయి మీదుగా నడిచి ఊళ్లోకి వెళతాను; రైలీ సమాధులను చివరికి ఉంచుకుంటాను.