వేలంపాట ముగిసేదాకే పనికొచ్చే సమాచారాన్ని డిస్కులో రాయాలా?

మద్దిలపాలెం డెవలపర్:
విశాఖ చేపల రేవులో వేలంపాటలు నమోదు చేసే చిన్న సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. సరుకుకు డబ్బు ముట్టాక ఆ అంకెలతో పని ఉండదు కనుక, వాటిని రెడిస్‌లో (సమాచారాన్ని ర్యామ్‌లో, అంటే కంప్యూటర్ మెమరీలో ఉంచే డేటాబేస్) ఉంచి, 24 గంటలకు చెరిగిపోయేలా గడువు పెడితే చాలునని నా అభిప్రాయం. ర్యామ్ వేగం డిస్కుకు రాదు. కాదనేవారు కారణం చెప్పగలరు.

రుషికొండ వాసి:
వేగం మాట నిజమే. అయితే ఎంతకాలం కావాలన్న ప్రశ్నకూ, పోతే ఏమవుతుందన్న ప్రశ్నకూ మీరు ఒకే జవాబు ఇస్తున్నారు. నేనూ ఆ పొరపాటే చేశాను. గాజువాకలో ఒక గోదాముకు రాసిన ప్రోగ్రాములో, సాయంత్రానికల్లా బిల్లు అయిపోతుంది కదా అని లారీల కాటా తూకాలను మెమరీలోనే ఉంచాను. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి సర్వరు మళ్లీ లేచేసరికి పొద్దుటి తూకాలేవీ లేవు. లారీలు సరుకు దించి వెళ్లిపోయాయి కనుక మళ్లీ తూచే దారీ లేకపోయింది. యూపీఎస్ ఉందని ధీమా పడవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక ఈ నగరంలో ఎన్నో వీధులకు రోజుల తరబడి కరెంటు లేదు.

ఇది పోతే మరోచోటి నుంచి మళ్లీ తెచ్చుకోగలమా అన్నదే నేను ఇప్పుడు అడిగే ప్రశ్న. ఓటీపీ పోతే ఇంకొకటి పంపవచ్చు, లాగిన్ సెషన్ పోతే మనిషి మళ్లీ లాగిన్ అవుతాడు. ఎవరు ఎంతకు పాడారో మాత్రం ఇంకెక్కడా రాసి ఉండదు.

మద్దిలపాలెం డెవలపర్:
రెడిస్‌లో ఏఓఎఫ్ అనే సదుపాయం ఆన్ చేస్తే ప్రతి మార్పూ డిస్కు మీది లాగ్‌లో, అంటే మార్పుల చిట్టాలో, చేరుతుంది కదా?

రుషికొండ వాసి:
చేరుతుంది, కానీ డిఫాల్టుగా సెకనుకొకసారి. కాబట్టి ఆఖరి సెకను పోవచ్చు, వేలంలో సరుకు ఎవరిదో తేలేది ఆ సెకనులోనే. ప్రతి మార్పుకూ ఎఫ్‌సింక్ చేయమంటే, అంటే వెంటనే డిస్కుకు చేర్చమంటే, ఆ భయం తీరుతుంది, మీరు కోరిన వేగంలో చాలాభాగమూ పోతుంది. పైగా ఆల్‌కీస్ ఎల్ఆర్‌యూ విధానం పెట్టి ఉంటే, మెమరీ నిండినప్పుడు చాలాసేపుగా ఎవరూ ముట్టని కీలను (పేరు పెట్టి దాచిన నమోదులను) రెడిస్ తానే తీసేస్తుంది. సమాచారాన్ని డిస్కులో దాచే డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ డిఫాల్టుగా తన మార్పుల చిట్టాను డిస్కుకు చేర్చాకే కమిట్ అయిందని, అంటే నమోదు ఖాయమైందని, చెబుతుంది. మనుషులు నోటితో పాడే పాటకు ఆ వేగం ధారాళంగా సరిపోతుంది.

ఎంవీపీ కాలనీ పాఠకురాలు:
పై వాదనతో ఏకీభవిస్తాను, కానీ అన్నింటినీ కలకాలం దాచే వైపు జరగవద్దని మనవి. పాటదారుల ఫోన్ నంబర్లు కూడా అందులో ఉంటాయి. ప్రయోజనం తీరిన వ్యక్తిగత సమాచారాన్ని, వేరే చట్టం ఉంచమంటే తప్ప, తుడిచేయాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. రెడిస్‌లో గడువు తీరిన కీ దానంతటదే పోతుంది; పోస్ట్‌గ్రెస్‌లో ఆ పని మనమే రాయాలి, బ్యాకప్పుల్లో మిగిలిన ప్రతులనూ మనమే చూసుకోవాలి.

మద్దిలపాలెం డెవలపర్:
పాటలను పోస్ట్‌గ్రెస్‌లోకి మారుస్తున్నాను. తెర మీద కనిపించే ప్రస్తుత ధర ఒక్కటే రెడిస్‌లో ఉంటుంది. నంబర్లను వేరే పట్టికలో పెడతాను. లెక్కల మీద తగాదా ఎన్ని రోజుల వరకు వస్తుందో బోటు యజమానులను అడిగి, తుడిచే గడువు దాన్నిబట్టి పెడతాను.